భానుమూర్తిగారి తెగుబలం

రాష్ట్ర ప్రమాణాల మండలి అని ఒకటుంది. ప్రమాణాలంటే ఓట్లకి ముందు చేసి ఓట్లయ్యాక మరిచిపోయేవి కావు. చీపురుకి ఎన్ని పుల్లలుండాలి, అగరొత్తి ఎన్ని నిమిషాలు వెలగాలి, అప్పడం నలిపితే ఎన్ని ముక్కలవ్వాలి వగైరా లోకకల్యాణ విషయాలన్నీ నిర్ణయించేవి. వేసవిలో ఏసీలు పనిచెయ్యక అది మండే మండలి, మిగతా కాలాల్లో ఉత్త మండలి. విజయవాడ మొగల్రాజపురంలో కొండ పక్కన మూడంతస్తుల భవనం. ఆ భవనంలో ఏ రెండు మెట్లూ ఒక ఎత్తులో ఉండవు. మెట్లకి ప్రమాణం ఇంకా తయారవలేదు మరి.

అందులో తాళ్ల విభాగం అధికారి మాచిరాజు భానుమూర్తి. నలభై ఎనిమిదేళ్లు. కొబ్బరితాడు, నైలాన్ తాడు, నులక, నవారు, ఏది దొరికితే అది యంత్రానికి తగిలించి, తెగేదాకా లాగి, ఎంత బరువుకి తెగిందో రాసుకోవడం ఇరవై మూడేళ్లుగా ఆయన పని. తెగేదాకా లాగొద్దని పెద్దలంటారు గానీ ఈయనకి తెగేదాకా లాగినందుకే జీతం. ఇన్ని తాళ్లు చూసినవాడికి తాళి మాత్రం అచ్చిరాలేదు. తొమ్మిదేళ్ల కిందట విడాకులయ్యాయి. "మీ ఎదురుగా కాఫీ తాగుతున్నా ఎవరో రీడింగు తీసుకుంటున్నట్టే ఉంటుందండీ" అని చెప్పి ఆ ఇల్లాలు మర్యాదగా సెలవు తీసుకుంది. ఆయన ఆ మాట తేదీతో సహా డైరీలో రాసుకున్నాడు.

చీపుళ్ల విభాగం గవర్రాజు ఆయనతోపాటు ఒకే ఏడాది ఉద్యోగంలో చేరిన స్నేహితుడు. ఒక మధ్యాహ్నం భానుమూర్తి కర్రీపాయింటు పొట్లం విప్పుకుంటుంటే చూసి నిట్టూర్చాడు.

"ఎన్నాళ్లురా ఈ పొట్లాల బతుకు? నీకేం తక్కువని? డేటింగ్ యాప్ వేసుకో."

"ఈ వయసులో డేట్ అంటే రిటైర్మెంట్ డేటేరా."

"అది ఎలాగూ వస్తుంది. అది వచ్చేలోగా ఇంకోటి చూసుకోమంటున్నా."

భానుమూర్తి ఆ సాయంత్రమే మూడు యాప్‌లు దింపాడు. దింపాక దిగులు పట్టుకుంది. 'జతగూడు'లో మొదటి ప్రశ్న గోత్రం. 'మళ్లీమొగ్గ'లో మొదటి ప్రశ్న మోకాళ్ల నొప్పులున్నాయా అని. 'హలో నలభై'లో అసలు ప్రశ్నలే లేవు, అందుకని దానిమీదే ఎక్కువ అనుమానం. ఇరవై ఏడు గళ్లతో పట్టిక గీశాడు. మూడింటికీ మార్కులు సమానంగా వచ్చాయి. మళ్లీ వేశాడు. మళ్లీ సమానమే. ఇంకొకడైతే కళ్లు మూసుకుని ఏదో ఒకటి నొక్కేవాడు. ఈయన మండలి వారి ప్రమాణాల జాబితా తీశాడు. నాలుగువేల పైచిలుకు వస్తువులున్నాయి. డబ్బామూతలున్నాయి, డోలుతోళ్లున్నాయి. మధ్యలో ఉండాల్సిన డేటింగ్ యాప్ లేదు.

ఇక్కడ ఆయన చేసిన పొరపాటు ఆ మండలి ఉద్యోగి తప్ప భూమ్మీద ఇంకెవరూ చెయ్యరు. పద్నాలుగో నియమం ఒకటుంది. ఏ వస్తువుకైనా ప్రమాణం లేదని గమనించిన ఉద్యోగి ఆ సంగతి నలభై ఎనిమిది గంటల్లోగా కాగితంమీద రాసి, చైర్మన్‌గారి గది ముందున్న ఆకుపచ్చ పెట్టెలో వెయ్యాలి. ఆరేళ్లుగా అందులో ఒక్క కాగితం పడలేదు. ఆ నియమం రాసిన మహానుభావుడు భానుమూర్తే. నలభై ఏడో గంటలో కాగితం వేశాడు.

"పెట్టెలో వేశావా!" గవర్రాజు నెత్తి కొట్టుకున్నాడు. "పెళ్లాం కోసం పెట్టెలో కాగితం వేసినవాణ్ని నిన్నే చూశాన్రా!"

"నియమం ఉందిగా."

"నియమం రాసినవాడివి నువ్వేగా! నీ తాడు నువ్వే పేనుకున్నావు, నీ మెడకి నువ్వే కొలుచుకున్నావు."

సోమవారం చైర్మన్ కోటంరాజు సదాశివంగారు అత్యవసర సమావేశం పెట్టారు. ఆయన ఇంట్లో మంచినీళ్లు అడిగినా మూడు ప్రతుల్లో అడుగుతారని ప్రతీతి.

"సదరు లోపము మన దృష్టికి వచ్చుట ముదావహము," అన్నారు. "రాష్ట్రమున మధ్యవయస్కులు ప్రమాణరహితంగా ప్రేమించుకొనుచున్నారని తేలినది. దీనిని తీవ్రంగా పరిగణించవలసియున్నది."

"ప్రమాణం లేకుండా ప్రేమించుకుంటే ఏమవుతుంది సార్?" అన్నాడు గవర్రాజు.

"నాణ్యత ఏమి కావలెనయ్యా? ఒకరు కిలోల లెక్కన ప్రేమించి, అవతలివారు గ్రాముల లెక్కన తిరిగి ఇచ్చినచో బాధ్యత ఎవరిది?"

గవర్రాజుకి ఇంట్లో అనుభవం ఉంది కాబట్టి వెంటనే ఒప్పుకున్నాడు.

ముందు మధ్యవయసంటే ఏమిటో తేల్చాలి. రెండు గంటలు చర్చ జరిగింది. మధ్య అంటే రెండు చివరలకీ సమాన దూరం. ఒక చివర పుట్టిన తేదీ, రికార్డుల్లో ఉంది. రెండో చివర సదరు వ్యక్తి స్వయంగా ప్రకటించాలని తీర్మానించారు. భానుమూర్తి నలభై ఎనిమిదేళ్లకి మధ్యవయస్కుడు కావాలంటే తొంభై ఆరేళ్లకి పోతానని సంతకం పెట్టాలి. పెట్టాడు. పెన్షన్ విభాగం మర్నాడే అభ్యంతరం పంపింది: అంతకాలం ఉండే ఉద్దేశం ఉద్యోగంలో చేరినప్పుడు ఎందుకు తెలియజేయలేదని.

తర్వాత ప్రయోగశాల అధిపతి మస్తాన్‌వలి లేచాడు. నెమ్మదస్తుడు, మంచివాడు. తన పెళ్లి భోజనంలో బిర్యానీ వేడి చూడటానికి థర్మామీటరు గుచ్చినవాడు.

"సార్, తాడు లేకుండా కొక్కేన్ని పరీక్షించలేం. యాప్‌కి తగిలించడానికి ఒక నమూనా కావాలి. మధ్యవయసు, ఒంటరి, మన అధీనంలో ఉన్న మనిషి."

తలలన్నీ ఒక్కసారి భానుమూర్తి వైపు తిరిగాయి.

"అయ్యా, నేనడిగింది ఏ యాప్ మంచిదని..."

"అదే కదండీ చెప్పబోవునది," అన్నారు చైర్మన్‌గారు ప్రేమగా. "మీ మీద ప్రయోగించి చెప్పెదము."

ఆ విధంగా అడిగినవాడే నమూనా అయ్యాడు. మూడు ఫోన్లలో మూడు యాప్‌లు పెట్టారు. ఫోటోలో నవ్వకూడదన్నారు. నవ్వు బయటినుంచి కలిపిన పదార్థం కిందికి వస్తుందట. వివరాలు మస్తాన్‌వలి స్వయంగా రాశాడు: స్థూల బరువు డెబ్భై నాలుగు కిలోలు. బట్టలు, కళ్లజోడు మినహా నికర బరువు డెబ్భై రెండున్నర. తయారీ రాజమండ్రి. గడువు తేదీ తొంభై ఆరేళ్లు నిండిన రోజు. చల్లని, పొడి ప్రదేశంలో ఉంచవలెను. ఒకసారి విప్పి వాడబడినది.

"ఆ చివరి ముక్క అవసరమాండీ?" అన్నాడు భానుమూర్తి బాధగా.

"నిజాయితీ సార్. లేబుల్ అబద్ధమాడకూడదు."

పది రోజులు మూడు ఫోన్లూ మూగనోము పట్టాయి. పదకొండో రోజున 'మళ్లీమొగ్గ' కూసింది. గుడివాడ పశువుల ఆసుపత్రి డాక్టరు దమయంతి, నలభై అయిదేళ్లు, భర్త పోయి ఆరేళ్లు. ఆవిడ రాసిన మొదటి ముక్క ఇది: "గడువు తేదీ బయటపెట్టిన మొదటి మగాడు మీరే. మిగతావాళ్లంతా దాచారు."

భానుమూర్తి ఆ వాక్యాన్ని పదిసార్లు చదివాడు. పట్టికలో ఏ గడిలో రాయాలో తెలియలేదు. ఇరవై ఏడు గళ్లలోనూ పట్టలేదది.

ఆవిడ ఖాళీ దొరికినప్పుడల్లా మాట్లాడేది. గేదె కడుపులో చేతికున్న గాజు పారేసుకున్న రోజు గురించి, ఇంజెక్షన్ తమకే వేసేస్తుందేమోనని వణికిపోయే యజమానుల గురించి. ఒకసారి మాటలు రికార్డు చేసి పంపితే వెనకాల ఒక ఎద్దు రంకె వేసింది. "అది నేను కాదు," అంది ఆవిడ. తొమ్మిదేళ్ల తర్వాత భానుమూర్తి ఇంట్లో ఒక నవ్వు వినబడింది. పక్కవాటా వాళ్లు టీవీ అనుకున్నారు. మూడు వారాలు తిరిగేసరికి ఆయన తనకి కావలసింది యాప్ కాదని, ఆ మనిషని తెలుసుకున్నాడు. తెలిసిన సంగతి ఏ కాగితంమీదా రాయలేదు. ఆయన జీవితంలో అదే మొదటి రహస్యం.

"ఆదివారం బెజవాడ వస్తున్నా. కలుద్దామా?" అని అడిగింది దమయంతి.

కలుద్దామని రాయాల్సినవాడు 'అనుమతి తీసుకుని చెబుతాను' అని రాశాడు. మండలి ఉద్యోగి రక్తం అలాంటిది.

అనుమతి కోరిన ఉత్తరం చూసి ప్రయోగశాల ఉలిక్కిపడింది. పరీక్షలో ఉన్న నమూనా నియంత్రణలేని వాతావరణంలో బయటి మనిషితో కాఫీ తాగడమా! కలుషితం కాదూ? వెంటనే భానుమూర్తి కుడి మణికట్టుకి పురికొస చుట్టి, ముడిమీద లక్క కరిగించి మండలి ముద్ర గుద్దారు. పరీక్ష పూర్తయ్యేదాకా ఇల్లు, ఆఫీసు తప్ప ఇంకెక్కడికీ కదలరాదు. సీలు చెదిరితే సస్పెన్షన్. పైగా ఆఫీసులో ఉన్నంతసేపూ ఇరవై ఏడు డిగ్రీల వేడిమి ఉండే నమూనాల గదిలో, నులకచుట్టల పక్కన కూర్చోవాలి. ఆదివారం పోయింది.

"నమస్కారం. నన్ను సీలు చేశారు," అని రాశాడాయన.

"నేను చాలా సాకులు విన్నాను," అని జవాబొచ్చింది. "ఇది మాత్రం కొత్తది." ఆ తర్వాత నాలుగు రోజులు ఏమీ రాలేదు.

అయిదో రోజు మస్తాన్‌వలి చివరి పరీక్ష ప్రతిపాదించాడు. తాడు నాణ్యత తెగుబలంలో ఉంటుంది. మంచి యాప్ కలిపిన బంధం ఎంత బరువుకి తెగుతుందో తెలియకుండా ధ్రువపత్రం ఎలా ఇస్తాం? చైర్మన్‌గారు ఉప్పొంగిపోయి గుడివాడకి రిజిస్టర్డ్ ఉత్తరం రాయించారు. "తమరు సదరు నమూనాను మూడు దఫాలుగా తిరస్కరించవలసినదిగా కోరడమైనది. మొదటి దఫా మృదువుగా, రెండవ దఫా కారణములతో, మూడవ దఫా కారణము లేకుండా. నమూనా ఏ దఫాలో విరిగినదీ మా సిబ్బంది నమోదు చేయుదురు. ప్రజాహితము దృష్ట్యా సహకరించగలరు."

బుధవారం పదకొండింటికి దమయంతి ఆ ఉత్తరం పట్టుకుని మండలి మెట్లెక్కింది. తెల్లకోటు మీద అయోడిన్ మరకలు, చేతిలో మందుల సంచి. నమూనాల గదిలో భానుమూర్తి కుర్చీలో కూర్చున్నాడు. మణికట్టుకి లక్క, పక్కన థర్మామీటరు, ఒళ్లో అట్టమీద నమోదు పత్రం. ఓ వారగా చైర్మన్‌గారు, మస్తాన్‌వలి నిలబడ్డారు. తాళ్ల విభాగంలో రీడింగు రాసే అధికారం ఆయనకొక్కడికే ఉంది కాబట్టి తన రీడింగు తనే రాసుకోవాలని తేల్చారు.

"మీరేనా?" అంది దమయంతి.

"నేనేనండీ."

"ఫోటోలోకంటే బావున్నారు."

"మేడమ్, పొగడ్త పద్ధతిలో లేదు," అన్నాడు మస్తాన్‌వలి వినయంగా.

ఆవిడ చైర్మన్‌గారి వైపు తిరిగింది. "ఈ ఉత్తరం తమరు రాసిందేనా? చాలా బావుందండీ. మేము పశువులక్కూడా మత్తిచ్చాకే కోస్తాం."

"కృతజ్ఞతలు," అన్నారు చైర్మన్‌గారు. "ప్రారంభించండి."

దమయంతి ఒక కుర్చీ లాక్కుని భానుమూర్తి ఎదురుగా కూర్చుంది. "భానుమూర్తిగారూ, మీరు మంచివారే. కానీ మనకి కుదరదండీ."

భానుమూర్తి పత్రంలో రాశాడు: మొదటి దఫా, పగుళ్లు లేవు.

"రెండోది కారణాలతో కదూ?" అంది ఆవిడ. ఈసారి గొంతు మారింది. "మూడు వారాలు మాట్లాడాను. నేను అడగడమే గానీ మీరు నన్ను ఒక్క ప్రశ్న అడిగారా? నేను అన్నం తిన్నానా లేదా అని కూడా అడగలేదు. రమ్మంటే మీరు అనుమతి అడిగారు. ఎవర్ని? వీళ్లని. ఇప్పుడు కూడా నేను ఎదురుగా కూర్చుని మాట్లాడుతుంటే మీరు రాసుకుంటున్నారు."

భానుమూర్తి తలెత్తాడు. "ఇది... పరీక్షలో భాగమేనాండీ?"

"అది మీకే తెలియాలి."

తాడు తెగేముందు లోపల ఒక పోగు తెగుతుంది. చిన్న చప్పుడు. యంత్రానికి వినబడదు, ముల్లు కదలదు. పక్కన నిలబడ్డ మనిషికి మాత్రం వినబడుతుంది. ఇరవై మూడేళ్లుగా విన్న చప్పుడే, ఇవాళ పక్కనుంచి కాక లోపలినుంచి విన్నాడు భానుమూర్తి. రెండో దఫా అని రాసి, ఎదురుగా గడి ఖాళీగా వదిలేశాడు.

"మూడవది కానివ్వండి," అన్నారు చైర్మన్‌గారు గడియారం చూసుకుంటూ.

"మూడోది చెప్పను." దమయంతి సంచి భుజాన వేసుకుంది.

"చెప్పకపోతే పరీక్ష పూర్తికాదు మేడమ్!" అన్నాడు మస్తాన్‌వలి.

"కాకపోతే?"

"సీలు తియ్యం."

"ఎన్నాళ్లు?"

"పూర్తయ్యేదాకా. నియమం."

"అంటే నేను వద్దు పొమ్మంటేనే ఈయనకి విడుదల. వద్దనకపోతే ఖైదు. మీ శాఖకి దండం పెట్టాలండీ." ఆవిడ భానుమూర్తి వైపు చూసింది. "ఎదురుగా టీ కొట్టుంది. ఒక టీ తాగుతాను. టీ అయ్యేదాకా ఉంటాను. తర్వాత గుడివాడ బస్సెక్కుతాను. పెదపారుపూడిలో ఒక గేదె ఈనడానికి సిద్ధంగా ఉంది, అది మీ అనుమతి కోసం ఆగదు."

ఆవిడ వెళ్లిపోయింది. గదిలో ఇరవై ఏడు డిగ్రీలూ అలాగే ఉన్నాయి.

"గమనించితిరా," అన్నారు చైర్మన్‌గారు ఉత్సాహంగా. "నమూనా చలించలేదు! రాసుకోండి."

"సార్," అన్నాడు భానుమూర్తి. "ఒక్కసారి బయటికి వెళ్లి రావచ్చా?"

"దరఖాస్తు పెట్టుకోండి. వచ్చే సమావేశమున పరిశీలించెదము."

భానుమూర్తి తెల్లకాగితం తీసుకున్నాడు. 'గౌరవనీయులైన చైర్మన్‌గారి సముఖమునకు' అని రాశాడు. 'నమూనాల గదిలో ఉన్న నేను' అని రాశాడు. అక్కడ ఆగి, కిటికీలోంచి చూశాడు. టీ కొట్టు ముందు బల్లమీద దమయంతి గ్లాసు ఊదుకుంటూ తాగుతోంది. గ్లాసు సగమైంది. ఆవిడ పైకి చూడలేదు. దరఖాస్తు ఇంకా మొదటి పేరాలోనే ఉంది.

ఆయన కలం మూత పెట్టాడు. బల్లమీద తాళ్ల ముక్కలు కోసే కత్తి ఉంది. అది తీసుకుని, మణికట్టు మీది పురికొస కింద పెట్టి, ఒక్క లాగు లాగాడు. యంత్రం సాయం లేకుండా ఆయన తెంచిన మొదటి తాడు అదే. లక్కముద్ర నేలమీద పడి రెండు ముక్కలైంది.

"నమూనా చెడిపోయినది!" అని అరిచారు చైర్మన్‌గారు. మస్తాన్‌వలి అలవాటు చొప్పున టైము రాసుకున్నాడు.

ఏ రెండూ ఒక ఎత్తులో లేని మెట్లమీదుగా భానుమూర్తి పడుతూ లేస్తూ దిగి రోడ్డు దాటాడు. దమయంతి గ్లాసులో గుక్కెడు మిగిలింది.

"అన్నం తిన్నారా?" అన్నాడు రొప్పుతూ.

ఆవిడ ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది. "తినలేదు."

"ఇంకో ప్రశ్న ఉంది. గేదె ఈనేటప్పుడు పక్కన నేనుంటే అడ్డమా?"

"కాళ్లు పట్టుకుని లాగడానికి ఒకళ్లు కావాలి."

"ఎవరి కాళ్లండీ?"

"దూడవి. భయపడకండి, తాడు కట్టే లాగుతాం. మీకు తెలిసిన పనేగా. కాకపోతే తెగకుండా లాగాలి."

ఆవిడ చెప్పిన రెండో టీ వచ్చేలోగా గవర్రాజు కాగితం పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. మండలి చరిత్రలో పది నిమిషాల్లో మెమో తయారవడం అదే మొదలు.

"చదవరా, నా కళ్లజోడు పైనే ఉండిపోయింది," అన్నాడు భానుమూర్తి.

గవర్రాజు గొంతు సవరించుకున్నాడు. "'మీరు అధికారిక ముద్రను ఛేదించి, పరీక్ష మధ్యలో, పని వేళలయందు, సంతోషముగా రోడ్డు దాటినట్లు గమనించడమైనది. కావున మిమ్ములను విరిగిపోయిన నమూనాగా ఎందుకు పరిగణించరాదో ఏడు దినములలోగా సంజాయిషీ ఇచ్చి, వెంటనే నమూనాల గదికి తిరిగి రావలెను.'" మెమో మడిచి, గొంతు తగ్గించాడు. "ఒరే, మన మస్తాను మూడు యాప్‌లూ ప్రమాణానికి తగవని రాసేశాడు. చైర్మన్‌గారు మాత్రం నన్ను మూలకి పిలిచి, ఆ మళ్లీమొగ్గ ఏదో ఫోన్లో ఎక్కడ నొక్కితే దిగుతుందని అడిగారు."

"ఏం రాస్తారిప్పుడు?" అంది దమయంతి. ఆవిడ మెమో వైపు చూడటం లేదు. ఆయన వైపే చూస్తోంది.

ఇన్నేళ్ల సర్వీసులో భానుమూర్తి ఏ మెమోకీ గడువు దాటించలేదు. ఇప్పుడూ దాటించలేదు. గవర్రాజు జేబులోంచి కలం లాక్కుని, మెమో అడుగున ఖాళీలో, టీ బల్లమీదే రాసి సంతకం పెట్టాడు:

"నమూనా ప్రస్తుతం వాడకంలో ఉన్నది. తిరిగి ఇచ్చుటకు వీలుపడదు."